పాలలో దాగిన జ్వరం

నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఆరోగ్యంగా కనిపించే ఆవుల మధ్య గడిచింది. జబ్బుపడ్డ ఆవును గుర్తించడానికి డాక్టరు అక్కర్లేదు. మేత మానేసినా, ముట్టె ఎండిపోయినా, చెవులు వాలిపోయినా ఇంటావిడే ముందు చెబుతుంది. మేము వెతికింది వేరే ఆవును. అది కడుపునిండా మేస్తుంది, తీరిగ్గా నెమరేస్తుంది, చెంబు నిండా పాలిస్తుంది. దాని కళ్లలో ఏ బాధా కనిపించదు. అయినా దాని పొదుగులోనో గర్భసంచిలోనో కంటికి ఆనని సూక్ష్మజీవి ఒకటి ఏళ్ల తరబడి కాపురం చేస్తుంటుంది.

తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల పల్లెల్లో పశువైద్యురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున్నే లేచి వెళ్లవలసిన చోటేదీ లేదు. కానీ తెల్లవారుతుండగా మెలకువ వస్తే, ఒక్కోసారి నేనింకా ఆ మంచులోనే నడుస్తున్నట్టు ఉంటుంది. హోసూరు వైపు చలికాలంలో మంచు ఎలా దిగుతుందో చూసినవాళ్లకు తెలుసు. ముందు చెట్లు మాయమవుతాయి, తర్వాత ఇళ్లు, ఆ తర్వాత కాళ్ల కింద రోడ్డు. చివరికి పాల క్యాన్ల చప్పుడు ఒక్కటే మిగులుతుంది. ఆ చప్పుడును పట్టుకుని నడిచి పాల సొసైటీ చేరేదాన్ని. అక్కడ మనుషులకంటే ముందు పాల వాసన ఎదురొచ్చేది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి మేడమ్ అంటారు. ఏ పదవి ఎప్పుడు వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో నాకే సరిగా గుర్తులేదు. గుర్తున్నవి రెండు ఆవులు, వాటిని సాకిన మనుషులు, నాకు పని నేర్పిన ఒక పెద్దాయన. వాళ్ల గురించే రాస్తున్నాను.

గాజు గొట్టాల ముందు ఒక గంట

తొంభైల మొదట్లో నన్ను కృష్ణగిరిలో ఒక చిన్న ప్రయోగశాలలో వేశారు. రెండు గదులు, ఒక కిటికీ, కిటికీ బయట మామిడి కొమ్మ. అక్కడి పై అధికారిని అందరూ పెద్దసారు అనేవారు. కావేరిపట్టణం వైపు మనిషి. మోకాళ్లు సరిగా వంగేవి కావు, అందుకని ఎత్తయిన స్టూలు మీద కూర్చుని పనిచేసేవారు. తక్కువ మాట్లాడేవారు. మాట్లాడినా, ఆవు గురించి మాట్లాడుతున్నారో మనిషి గురించి మాట్లాడుతున్నారో వెంటనే తెలిసేది కాదు.

మేము వెతికే రోగం పేరు బ్రూసెల్లోసిస్. పల్లెల్లో దానికి పేరు లేదు. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఆవుకు కడుపు పోతుంది. చాలా ఆవులకు అలా ఒక్కసారే. తర్వాత మామూలుగా చూడి కడుతుంది, ఈనుతుంది, పాలిస్తుంది. ఎవరి దిష్టో తగిలిందనుకుని ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. సూక్ష్మజీవి మాత్రం ఎక్కడికీ పోదు. ఈనినప్పుడల్లా మావితో, ఉమ్మనీటితో బయటికి వస్తుంది. పాలలోకి కొద్దికొద్దిగా దిగుతుంది. పక్కన కట్టేసిన ఆవు ఆ తడిసిన గడ్డిని నాకుతుంది. మనిషి ఒట్టి చేతులతో మావి ఎత్తి పారేస్తాడు, అతనికీ అంటుకుంటుంది.

దాన్ని పట్టుకునే మొదటి పరీక్ష చాలా సులువు. ఊరి పాలన్నీ కలిసిన క్యాన్లోంచి కొంచెం తీసి సన్నని గాజు గొట్టంలో పోయాలి. ఊదారంగు మందు ఒక చుక్క వేసి కలపాలి. గోరువెచ్చని నీళ్లలో ఒక గంట నిలబెట్టాలి. ఆ గంటలో మీగడ నెమ్మదిగా పైకి తేలుతుంది. రోగం లేకపోతే మీగడ తెల్లగా తేలి, రంగు కింద పాలలోనే ఉండిపోతుంది. రోగం ఉంటే రంగంతా మీగడ వెంట పైకి వెళ్లి వలయంలా కూర్చుంటుంది, కింద పాలు మళ్లీ తెల్లబడతాయి.

ఆ గంటసేపు పెద్దసారు ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు. పనికి మాటలు అడ్డం కావు, అయినా ఆయన పద్ధతి అది. వరసగా నిలబడ్డ గొట్టాల మీద మామిడాకుల నీడ కదిలేది. ఒక్కో గొట్టం ఒక్కో ఊరు. చూస్తూ చూస్తూ ఉంటే ఆ ఊళ్లన్నీ ఇంకా నిద్రలో ఉన్నట్టు, వాటి మీద మేము మెల్లగా వంగి ఊపిరి వింటున్నట్టు అనిపించేది. ఎక్కడో ఒక గొట్టంలో రంగు పైకి జరగడం మొదలయ్యేది. ఆయన ఆ ఊరి పేరు రాసుకునేవారు.

కుందారపల్లిలో నేను చేసిన తప్పు

ఆ పనిలో నేర్పు వచ్చేసిందని నేను అనుకున్న రోజుల్లో ఇది జరిగింది.

కుందారపల్లి క్యాన్లో వలయం వచ్చింది. అలా వస్తే తర్వాత ఇంటింటి పాలు విడివిడిగా తీసి చూడాలి. తీశాను. రత్నమ్మ అనే ఆమె ఇంటి పాలలో ఊదారంగు గట్టిగా వచ్చింది. వాళ్లకు ఉన్నది ఒకే ఆవు. రక్తం కూడా తీసి పంపాను, దాని ఫలితం రావడానికి వారం పైగా పడుతుంది. నేను ఆగలేదు. మరుసటి పొద్దున సొసైటీ దగ్గర పాలు పోయడానికి వచ్చినవాళ్లందరి ముందు, రత్నమ్మతో, నీ ఆవులో రోగం ఉంది అన్నాను. గట్టిగా, స్పష్టంగా, చదువుకున్న మనిషి చెప్పాల్సిన తీరులో చెప్పాననుకున్నాను.

ఆ సాయంత్రం నుంచే ఆమె పాలు ఎవరూ పోయించుకోలేదు. నీళ్లతొట్టి దగ్గరికి ఆమె ఆవును రానివ్వలేదు. నాలుగు రోజులు చూసి, ఆమె ఇంటాయన ఆవును సంతకు తోలుకెళ్లి ఎవరో దళారికి ఇచ్చేశాడు.

తర్వాత రక్త పరీక్ష వచ్చింది. ఆ ఆవులో రోగం లేదు.

పెద్దసారు ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, ఆవు ఎన్నో నెల చూడిదో అడిగావా అన్నారు. అడగలేదు. పాలు వట్టిపోయే దశలో ఉన్న ఆవు పాలు, అప్పుడే ఈనిన ఆవు జున్నుపాలు, పొదుగువాపు ఉన్న ఆవు పాలు, వీటిలో రోగం లేకపోయినా ఆ వలయం రావచ్చు. పుస్తకంలో ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. రత్నమ్మ ఆవు ఆ నెలలోనే పాలు మానేయబోతున్నది. ఇక ఊరి క్యాన్లో వలయానికి కారణమైన అసలు ఆవు వేరే ఇంట్లో, అందరి మంచి మాటలూ అందుకుంటూ నిలబడి ఉంది. ఆ ఇంటి పాలలో లేతగా వచ్చిన వలయాన్ని నేను పట్టించుకోలేదు. ఆ ఆవును తర్వాత పట్టుకున్నాము.

నేను కుందారపల్లికి వెళ్లి రత్నమ్మకు జరిగింది చెప్పాను. సొసైటీ దగ్గర, మళ్లీ అందరి ముందే చెప్పాను. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను. ఆమె తిట్టలేదు. పాలు కొనుక్కోవడానికి తెచ్చిన ఖాళీ చెంబును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నిజం తెల్సింది, సరేనమ్మా. ఇప్పుడు అది యాడుందో మాకు తెలీదు గదా," అంది.

నిజమే, ఎవరికీ తెలియదు. ఆ దళారి దాన్ని అప్పటికే కర్ణాటక వైపు దాటించేశాడు. చాలా ఏళ్లు నేను ఏ సంతకు వెళ్లినా ఆ ఆవు కోసం చూసేదాన్ని. ఎర్రని ఆవు, ఎడమ కొమ్ము కొంచెం లోపలికి వంగి ఉండేది. దొరికితే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

పిల్లలకు ఈ మాట గట్టిగా చెబుతాను. ఒక్క పరీక్ష తీర్పు కాదు. ఆవుకు ఏ రోగం ఉన్నా లేకపోయినా, ఊరి నోట్లో పడితే దానికి మందు లేదు. చెప్పవలసింది ఇంట్లో కూర్చుని, ఆ ఇంటివాళ్లకు చెప్పండి.

పెద్దసారు జ్వరం

ఆ తర్వాత కొన్ని వారాలు నేను సరిగా మాట్లాడలేదు. ఒక రోజు మధ్యాహ్నం గొట్టాల ముందు కూర్చుని ఉండగా, తన మౌన నియమాన్ని తనే తప్పి, పెద్దసారు తన కథ చెప్పారు.

చదువు ముగించిన కొత్తల్లో ఆయన ఒక ఆవుకు చచ్చిన దూడను లాగారట. భుజం వరకూ ఒట్టి చెయ్యి. నెల తిరక్కుండా జ్వరం పట్టుకుంది. సాయంత్రం చలితో వచ్చి, తెల్లవారేసరికి చెమటతో పోయేది. మళ్లీ సాయంత్రం వచ్చేది. కొన్నాళ్లు పూర్తిగా తగ్గి, ఇక పోయిందనుకోగానే మళ్లీ మొదలయ్యేది. టైఫాయిడ్ అన్నారు, మలేరియా అన్నారు, చివరికి క్షయ అన్నారు. ఏడాదిన్నర తర్వాత ఆయనే తన రక్తాన్ని ఆవు రక్తం పరీక్షించినట్టు పరీక్షించుకుని తెలుసుకున్నారు. అప్పటికే మోకాళ్లు పోయాయి.

ఆ జ్వరంలో పగలంతా నీళ్ల అడుగున ఉన్నట్టు ఉండేదట. మనుషులు మాట్లాడుతుంటే దూరం నుంచి వినిపించేదట. ఒకటి మాత్రం మరిచిపోలేను అన్నారు. ఆ చెమటకు వానకు తడిసిన గడ్డి వాసన ఉండేదట.

ఉద్దనపల్లి దగ్గరి ఇల్లు

తొంభైల చివర్లో ఉద్దనపల్లి దగ్గర ఒక చిన్న పల్లె క్యాన్లో వలయం వచ్చింది. ఈసారి నేను తొందరపడలేదు. ప్రతి ఇంట్లో ఆవు ఎప్పుడు ఈనిందో, ఎన్నో ఈతో, పొదుగు ఎలా ఉందో రాసుకుని, ఆ తర్వాతే పాలు తీశాను. ఒక ఇంటి పాలలో వలయం వచ్చింది. రక్తం తీయడానికి ఆ ఇంటికి వెళ్లాను.

అది అక్కాయమ్మ, మునెప్ప అనే దంపతుల ఇల్లు. మునెప్పవాళ్లు ముందు తరాల్లో గొర్రెలు కాసినవాళ్లు. అతను హోసూరు దగ్గర గులాబీ తోటలో కూలికి పోయేవాడు. ఇంట్లో ఒక సీమావు, ఎక్కువ పాలిచ్చే సంకరజాతిది. నల్లటి మేను, నుదుటి మీద తెల్లని మచ్చ. చుక్క అని పిలిచేవారు. ముందరి ఏడాది సంతలో కొన్నారు. ఇప్పుడు అయిదో నెల చూడిది, ఇంకా పాలు ఇస్తున్నది. చర్మం అద్దంలా మెరుస్తున్నది. నేను సూది గుచ్చినా కదలకుండా నిలబడి, నా చీర కొంగును మెల్లగా వాసన చూసింది.

అరుగు మీద మునెప్ప గొంగడి కప్పుకుని ఎండలో పడుకుని ఉన్నాడు. నలభై ఏళ్లు కూడా ఉండవు, ముసలివాడిలా ఉన్నాడు. అక్కాయమ్మ అప్పుడే పితికిన పాలు, నురగ ఇంకా తగ్గని పాలు, గ్లాసులో తెచ్చి అతని చేతికి ఇచ్చింది. చాలా నెలల నుంచి జ్వరమని, బలానికి పచ్చిపాలు తాపిస్తున్నానని నాతో చెప్పింది.

నేను ఆ గ్లాసు వైపు చూశాను. చెప్పబోయాను. కుందారపల్లి గుర్తొచ్చింది. రక్త పరీక్ష రానీ, అప్పుడు చెబుతాను అనుకున్నాను. అతను పాలు తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ గొంగడి లాక్కున్నాడు. నేను బస్సెక్కి వచ్చేశాను.

అప్పటికి మా ప్రయోగశాలకు వచ్చిన తొందర పరీక్షలో ఆ సాయంత్రమే అనుమానం బలపడింది. గులాబీరంగు మందులో ఆవు రక్తపు తేట కలపగానే రవ్వరవ్వగా విరిగింది. ఖాయం చేసే పరీక్ష కోసం మిగిలిన నమూనాను పెద్ద ప్రయోగశాలకు పంపి కూర్చున్నాను. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పెద్దసారుకు అంతా చెప్పాను, ఆ గ్లాసు సంగతి కూడా. మెచ్చుకుంటారనే అనుకున్నాను.

ఆయన స్టూలు మీది నుంచి కష్టపడి దిగారు.

"తప్పు చెప్పకూడదని నేర్చుకున్నావు. మంచిదే. పాలు కాచి తాగమని చెప్పేదానికి ఏ పరీక్ష కావాలమ్మా నీకు?" అన్నారు.

ఆ మూడు పొద్దుల్లో మునెప్ప ఇంకో మూడు గ్లాసులు తాగి ఉంటాడు. ఒకసారి నోరు జారి ఒక ఇంటిని దెబ్బతీశాను. ఈసారి నోరు మూసుకుని ఇంకో ఇంటిని దెబ్బతీస్తున్నాను. రెండూ నా భయంలోంచే వచ్చాయి. మొదటిసారి నాకు తెలియదని ఎవరైనా అనుకుంటారేమోనని భయం, రెండోసారి మళ్లీ తప్పవుతుందేమోనని భయం. ఆ ఇంటి గురించి ఆలోచించింది రెండుసార్లూ తక్కువే.

మరుసటి పొద్దున మొదటి బస్సుకు వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. బస్సు ఎక్కడ ఆగుతున్నదో డ్రైవరుకే సరిగా తెలుస్తున్నట్టు లేదు. దిగి, ఆ ఇల్లు అనుకున్న వైపు నడిచాను. అక్కాయమ్మ పాలు పితుకుతున్నది. పాలధార చెంబులో పడే చప్పుడు మంచులో చాలా దగ్గరగా వినిపించింది.

ఇంట్లో కూర్చుని, తలుపు దగ్గరికి వేసి, నాకు తెలిసింది చెప్పాను. తెలియనిది తెలియదని కూడా చెప్పాను. ఆవుకు రోగం ఉందని ఇంకా ఖాయం కాలేదని, అయినా పాలు పొంగు వచ్చేదాకా కాచే తాగాలని చెప్పాను. తర్వాత మునెప్ప జ్వరం గురించి ఒక్కొక్కటి అడిగాను. నేను ఈతగా రాసుకున్నది ఈత కాదట, చుక్కకు ఈ ఇంటికి వచ్చాక మొదటి కడుపు ఏడో నెలలో పోయిందట. మునెప్పే ఆ చచ్చిన దూడను లాగి, తోట గట్టున పాతిపెట్టాడట. జ్వరం ఆ తర్వాత నెలలోనే మొదలైందట. సాయంత్రం చలి, తెల్లవారేసరికి చెమట. నడుము, మోకాళ్లు పట్టేస్తాయట.

"చెమట గూడా ఒగ మాదిరి వాసనమ్మా," అంది అక్కాయమ్మ. "ఎంత ఉతికినా చొక్కాలో పోదు. వానకు నానిన గడ్డి మాదిరి."

ఆ మాటను ఆమె అన్నట్టే రాసుకున్నాను.

మనుషుల డాక్టరు

పశువుల డాక్టరు మనిషికి మందు రాయకూడదు. రాయనూ లేదు. కృష్ణగిరిలో మునెప్పను చూస్తున్న డాక్టరుకు ఉత్తరం రాసి ఇచ్చాను. ఆయన చదివి, నవ్వి, మందులు అవే వాడమని పంపేశాడట. తర్వాతి వారం నేనే వాళ్లిద్దరితో కలిసి వెళ్లాను. బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాము. మునెప్ప గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, మధ్యమధ్యలో తోటలోని గులాబీల గురించి ఏదో అంటున్నాడు. ఏ వరసకు నీళ్లు పెట్టాలో ఎవరికో చెబుతున్నాడు. అక్కాయమ్మ ప్రతి మాటకూ సరే అంటున్నది.

ఆ డాక్టరు మొదట నాతో కటువుగానే మాట్లాడాడు. ఆవుల రోగాలు ఆవులకు ఉంటాయన్నాడు. నేను వాదించలేదు. అప్పటికి చుక్క రక్త పరీక్ష ఖాయమై వచ్చింది, ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. ఈయన ఆ ఆవు చచ్చిన దూడను చేత్తో లాగాడు, ఆ పాలే పచ్చిగా తాగాడు, మీరు ఒక్కసారి రక్తం బెంగళూరుకు పంపి చూడండి, లేదని వస్తే నేను మళ్లీ రాను అన్నాను. ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. రక్తం తీయించాడు.

అదే రోగమని ఫలితం వచ్చిన రోజు ఆయనే కబురుపెట్టి నన్ను పిలిపించాడు. టీ తెప్పించి, ఈ రోగం పల్లెల్లో ఇంకా ఎక్కడెక్కడ చూశారో చెప్పండి అని నోటుబుక్కు తెరిచాడు. నేను పనిచేసిన కాలంలో చూసిన మంచి మనుషుల్లో ఆయన్ను లెక్కవేస్తాను. తప్పయిందని నోటితో అనలేదు. ఆ తర్వాత జ్వరంతో వచ్చిన ప్రతి రైతునూ, మీ ఇంట్లో ఆవుకు కడుపు పోయిందా అని అడిగేవాడని విన్నాను.

ఆరు వారాల మందులు. మూడో వారానికే మునెప్పకు జ్వరం పోయింది, మాత్రలు చాలన్నాడు. అక్కాయమ్మ వినలేదు. పొద్దుకు ఒకసారి, మాపుకు ఒకసారి, అతను మింగేదాకా ఎదురుగా నిలబడేది. మధ్యలో మానేస్తే మళ్లీ వస్తుందని నేను ఒక్కసారే చెప్పాను. ఆమె చుట్టుపక్కల అందరికీ అది వంద సార్లు చెప్పింది.

చుక్కను ఏం చేయాలి

మనిషికి మందు ఉంది. ఆవుకు లేదు. రోగమున్న ఆవును మందలోంచి తీసేయాలని మా పుస్తకాల్లో ఉంటుంది. తీసేసి ఎక్కడికి పంపాలో ఉండదు. చంపడానికి లేదు, ఆ ఇంటివాళ్లు ఒప్పుకోరు, నేనూ అడగలేను. ఇక మిగిలింది సంత. రోగమున్న ఆవులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచి వెళ్లేది ఆ దారిలోనే. చుక్క కూడా అలాగే వీళ్ల ఇంటికి వచ్చింది.

ఒక దళారి వచ్చాడు. మునెప్ప అన్న కూడా అమ్మేయమన్నాడు. బాగా పాలిచ్చే ఆవు, పైగా చూడిది, అడిగినంత ఇస్తారు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆ కుటుంబం నెలల తరబడి కూలి లేకుండా గడిపింది, వాళ్లకు నీతులు చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

అక్కాయమ్మ చాలాసేపు చుక్క మెడ కింద గోకుతూ నిలబడింది.

"మాకు అమ్మినోల్లకు తెల్సో తెలీదో," అంది. "నాకు తెల్సిపాయె గదప్పా. తెల్సి ఇంగొకరి ఇంటికి ఎట్ల తోలేది?"

మునెప్ప అరుగు మీద నుంచి భార్య వైపు చూశాడు. తర్వాత దళారిని, పోయి రాప్పా అన్నాడు. అంతే, ఆ విషయం అక్కడితో తెగిపోయింది.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో రోగాల అదుపు గురించి చాలా ఉపన్యాసాలు విన్నాను, కొన్ని ఇచ్చాను. నా లెక్కలో ఆ రోగాన్ని నిజంగా అదుపు చేసినది అక్కాయమ్మ అన్న ఆ వాక్యం. దాన్ని ఎవరి చేతా బలవంతంగా అనిపించలేము. అనగలిగినవాళ్లకు మనం తోడు నిలబడటం మాత్రమే చేయగలం.

చేను చివర వేరే పాక వేశారు. చుక్క అక్కడికి మారింది. దాని గడ్డి వేరు, తొట్టి వేరు. పాలు ఇంట్లోనే కాచి తోడువేసేవారు. నేను నెలకొకసారి వెళ్లేదాన్ని.

ఈనిన పొద్దు

పొదుగు నిండిందని కబురు వచ్చిన రెండో రోజు పొద్దున వెళ్లాను. ఈనేటప్పుడే అసలు ప్రమాదం. పాక చుట్టూ మంచు తెల్లగా ముసిరి ఉంది. చేలు లేవు, ఊరు లేదు. ఆ పాక ఒక్కటే లోకంలో మిగిలినట్టు ఉంది. చుక్క పక్కకు పడుకుని, మధ్యమధ్యలో నిట్టూరుస్తున్నది. గడ్డి మీద దాని ఊపిరి ఆవిరై తేలుతున్నది.

భుజాల వరకూ ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నాను. అక్కాయమ్మకూ ఒక జత ఇచ్చాను. ముక్కుకు తువ్వాళ్లు కట్టుకున్నాము. మునెప్ప అప్పటికి కోలుకున్నాడు. లోపలికి రాబోతే, ఆమె ఒక్క చూపుతో బయటే నిలబెట్టింది. నెలలు నిండాయి కాబట్టి దూడ బతికే పుట్టవచ్చని నాకు తెలుసు, అయినా చచ్చిన దూడ కోసమే సిద్ధపడి ఉన్నాను. కాళ్లు కనిపించాయి, తర్వాత ముట్టె. మేమిద్దరం కలిసి మెల్లగా పట్టాము. గడ్డి మీదికి జారిన దూడ కదల్లేదు. నేను దాని ముక్కు తుడిచి, పక్కలు రుద్దాను. అక్కాయమ్మ ఏదో సణుగుతున్నది, మొక్కో లాలిపాటో తెలియలేదు. ఎంతసేపో గుర్తులేదు. తర్వాత ఆ దూడ తల విదిలించి, తుమ్మింది.

పెయ్యదూడ. తల్లిలాగే నల్లనిది.

సంతోషపడటానికి తీరిక లేదు. మావి పడేదాకా ఆగి, గడ్డితో సహా లోతుగా గుంటలో వేసి, సున్నం పోసి పూడ్చాము. పాకంతా సున్నం కొట్టాము. దూడను వేరుచేసి వేరే ఆవు పాలు పట్టించారు. చుక్క దాని కోసం అరిచింది. ఆ అరుపు మంచులో ఎటు నుంచి వస్తున్నదో తెలియకుండా చాలాసేపు వినిపించింది. నేను చేయించిన సరైన పనుల్లో నాకు ఇప్పటికీ నిద్రలో వినిపించేది అదొక్కటే.

ఆ దూడకు రోగం లేదని నేను అప్పుడే చెప్పలేనన్నాను. తల్లి కడుపులోనే అంటుకుని, పరీక్షలకు చిక్కకుండా పెరిగి, తన మొదటి ఈతలో బయటపడే పెయ్యలు ఉంటాయి. అప్పటిదాకా ఆగాలి అన్నాను. అక్కాయమ్మ, ఆగుతామమ్మా అంది. దూడ ఆ పొద్దునే పుట్టింది, ఈతకు రావడానికి రెండున్నరేళ్లు. ఆమె ఆ మాటను రేపటి సంగతిలా అంది.

కొన్నాళ్లకు నన్ను కావేరిపట్టణం వైపు మార్చారు. చుక్కను మళ్లీ చూడి కట్టించలేదని, పాలు వట్టిపోయాక కూడా ఆ పాకలోనే మేపారని, చివరికి ముసలిదై పోయిందని విన్నాను. దూడ పుట్టిన మూడో ఏట ఒక రోజు మునెప్ప బస్సులో వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు. నల్ల పెయ్య ఈనిందని, దూడ బాగుందని, అక్కడి పశువుల డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నాడని చెప్పాడు. ఆ ఒక్క మాట చెప్పడానికే వచ్చాడు. నీళ్లు తాగి, తోటలో పని ఉందని వెళ్లిపోయాడు.

ఆ ఊరికి మళ్లీ

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, పెయ్యదూడలకు ఈ రోగం రాకుండా టీకాలు వేయడానికి ఉద్దనపల్లి దగ్గరి ఆ పల్లెకు మళ్లీ వెళ్లాను. అప్పటికి నేను పది మందికి పని చెప్పే స్థానంలో ఉన్నాను. జీపు దిగుతుండగానే ఒకతను పరుగున వచ్చి, తన ఆవుకు ఏడో నెలలో కడుపు పోయిందని చెప్పాడు. సంచి జీపులోనే వదిలేసి అతని వెంట వెళ్లాను.

కొట్టం గుమ్మంలో అక్కాయమ్మ నిలబడి ఉంది. ఆ ఇంటావిడ నాకంటే ముందే ఆమెను పిలిచిందట. జుట్టు బాగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి తల ఊపింది గానీ గుమ్మంలోంచి జరగలేదు. లోపల గడ్డి మీద ఆ చిన్న దేహం పడి ఉంది. దాని చుట్టూ ఎవరూ అడుగుపెట్టకుండా తాడు కట్టి ఉంది. పెరట్లో గుంట తీసి ఉంది, పక్కన సున్నం.

నేను అలవాటుగా ఆమెను తప్పించుకుని లోపలికి వంగాను. ఎన్నో నెలో చూద్దామని చెయ్యి చాచాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఒట్టి చేతుల్తో వద్దమ్మా," అంది. "పోయి ఏసుకొని రాండి. నేను ఈడనే ఉంటాను."

డాక్టరమ్మకు కోపం వస్తుందేమోనని ఆ ఇంటివాళ్లు బిగుసుకుపోయారు. నాతో వచ్చిన కుర్ర డాక్టర్లు నేలచూపులు చూస్తున్నారు. నేను వెనక్కి తిరిగి జీపు దగ్గరికి నడిచాను. సంచి తెరిచి తొడుగులు తీశాను. నాకు ఒక జత, ఆమెకు ఒక జత.